పాసు రాని కొలువు

ఎయిర్‌పోర్టుల కొలువు చేసిన అని చెప్తే మా బడి పిల్లలు నమ్మరు. "మరి ఎందుకు ఇడిసిపెట్టినవు టీచర్?" అని అడుగుతరు. నేను ఇడిసిపెట్టలే. నాతోని ఇడిపిచ్చిండ్రు. ఇడిపిచ్చినోళ్లల్ల పోలీసులున్నరు, విమానాల కంపెనీ ఉన్నది, మా అవ్వ, నాయిన కూడ ఉన్నరు. ఇదంత పిల్లలకు చెప్పే ముచ్చట కాదు కాబట్టి, "పుస్తకాలు తియ్యిండ్రి" అంట.

మాది కోరుట్ల. చర్చి ఎనుక వాడ. తాతల కాలం నుంచి మాకు గుంటెడు భూమి లేదు. నాయిన మెట్‌పల్లి మార్కెట్ల పసుపు బస్తాలు మోసేటోడు. సాయంత్రం బస్సు దిగి వస్తుంటె చెవుల ఎనుక, గోర్ల సందుల, మెడ మడతలల్ల పచ్చగ ఉండేది. ఆయన అంగీలను అవ్వ మా బట్టలతోని కలిపి ఉతుకకపోయేది. అవ్వ బీడీలు చేసేది. నేను మిషన్ హాస్టల్ల చదివిన. అక్కడ పొద్దున లేస్తే ప్రార్థన ఇంగ్లీషుల, అన్నం తినే ముందు పాట ఇంగ్లీషుల. అట్ల నాకు ఆ భాష అంటే భయం లేకుంట పోయింది. మా వాడల అది పెద్ద ఆస్తి.

అన్న నాకంటే నాలుగేండ్లు పెద్ద. పదో తరగతి తప్పినంక సిరిసిల్లకు పోయి సాంచెల మీద పనికి కుదిరిండు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటరు. మొదట కండెలు చుట్టిండు, తర్వాత సాంచెలు నడిపిండు. ఆ మోతకు చెవులు అలవాటు పడి, పండుగకు ఇంటికొచ్చినా మంది మీద అరిసినట్టే మాట్లాడెటోడు. "జెర మెల్లగ మాట్లాడు కొడుకా, పక్కింటోళ్లు కొట్లాట అనుకుంటరు" అని అవ్వ నవ్వేది. నేను జగిత్యాలల డిగ్రీ చదువుతుంటె, రెండు నెలలకోసారి కాలేజీ గేటు కాడికి వచ్చి, సాంచె మీద మిగిలిన తెల్ల గుడ్డ ముక్కలు ఇచ్చి పోయెటోడు. లంగాలు కుట్టిచ్చుకో అనెటోడు. నా దోస్తుల ముందట గూడ గట్లనే గట్టిగ అంటుండె. నాకు సిగ్గనిపించేది.

ఆ రోజులల్ల మా దిక్కు అన్న అంటే రెండర్థాలు. ఒకటి ఇంట్ల పుట్టినోడు, ఇంకొకటి అడివిల ఉండెటోడు. ఎవ్వరన్న "అన్న వచ్చిండు" అంటే, ఏ అన్న అని అడుగక ముందే తలుపు దగ్గరికి ఏసెటోళ్లు.

ఒక ఎండకాలం సిరిసిల్లల కూలి రేటు పెంచాలె అని సమ్మె పెట్టిండ్రు. మా అన్న గొంతు పెద్దది గద, నినాదాలు ఇచ్చుడు ఆయనకే అప్పజెప్పిండ్రు. పోలీసులు జీపుల ఎక్కించుకపోయిండ్రు. ఏడికి తీస్కపోయిండ్రో ఎవ్వరూ చెప్పలే. కొన్ని రోజులకు ఇంటికొచ్చిండు. పాదాలు ఉబ్బి చెప్పులల్ల పట్టలే. అవ్వ ఉప్పు నీళ్లు కాచి కాళ్లు అండ్ల పెట్టిచ్చింది. ఏం జరిగిందో ఒక్క మాట చెప్పలే. గంత గట్టిగ మాట్లాడే మనిషి, గొంతు పోయినట్టు అయ్యిండు. కాళ్లు తగ్గినంక బొంబాయిల పని ఉన్నదని చెప్పి బస్సెక్కిండు.

మళ్ల జాడ లేదు. సిరిసిల్లల ఆయనతోని పని చేసిన ఇద్దరు దళంల కలిసిండ్రని తెలిసింది. మూడోవాడు మా అన్ననే అని ఊరంత అనుకున్నది. నేను కూడ గట్లనే అనుకున్న. రేడియోల ఎన్‌కౌంటర్ వార్త చెప్తుంటె, చచ్చిపోయినోళ్ల పేర్లు చదివేదాక నేను ఊపిరి పట్టుకునేదాన్ని. అవ్వ మాత్రం చేటల బీడీల మీదికెల్లి తల గూడ ఎత్తకపోయేది. ఎంత గట్టి గుండె ఈమెది అనుకున్న.

డిగ్రీ ఆఖరి సంవత్సరంల మా ఇంగ్లీషు మేడం ఒక పేపరు తెచ్చి నా ముందట పెట్టింది. సర్కారు విమానాల కంపెనీల కౌంటర్ల మీద పని చేసెటందుకు పిల్లలు కావాలె అని అండ్ల ఉన్నది. మా కులపోళ్లకు రిజర్వేషన్ ఉన్న పోస్టులు. "నువ్వు రాయాలె. నీ ఇంగ్లీషు ఇక్కడ పాడు చేసుకోకు" అన్నది మేడం. హైదరాబాదుకు పోయి పరీక్ష రాసిన. తర్వాత ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. బల్ల అవతల కూసున్న పెద్దమనిషి, "విమానం ఎన్నడన్న దగ్గర నుంచి చూసినవా?" అని అడిగిండు. "లేదు సార్, మా ఇంటి మీదికెల్లి పోతుంటె చూసిన" అన్న. అందరూ నవ్విండ్రు. కొలువు వచ్చింది.

నాయిన ఆ రోజు మార్కెట్ల చాక్లెట్లు పంచిండట. చర్చిల పాస్టరయ్య నా పేరు మీద ప్రార్థన పెట్టిచ్చిండు. ఎన్నడూ మా ఇంటి దిక్కు చూడనోళ్లు గూడ దర్వాజ కాడ నిలబడి, "ఇమానంల పని చేస్తదట గద మీ బిడ్డ" అని అడిగి పోయిండ్రు.

హైదరాబాదుల ట్రైనింగ్. చీరె కుచ్చిళ్లు ఎన్ని పెట్టాలె, కొప్పు ఎంత ఎత్తున ఉండాలె, నవ్వితే ఎట్ల ఉండాలె, అన్నీ చెప్పిండ్రు. "పండ్లు కనపడాలె, చిగుర్లు కనపడొద్దు" అని ఒక మేడం అద్దం పట్టుకొని నేర్పింది. ప్రయాణికుల పేర్లు వైర్‌లెస్సుల చెప్పేటప్పుడు ఏ అక్షరానికి ఏ మాట అనాలె అని ఆల్ఫా, బ్రావో, చార్లీ అని బట్టీ పట్టినం. విమానాలు దిగే ఊర్లకు మూడక్షరాల పేర్లుంటయి. కోరుట్లకు, జగిత్యాలకు, సిరిసిల్లకు ఏ అక్షరాలు లేవు. ఉండయి అని తెలుసు గని, పుస్తకంల ఒకసారి ఎతికిన.

తర్వాత కౌంటర్ మీద ఏసిండ్రు. టికెట్లకెల్లి ఒక కాగితం చింపి తీస్కోవాలె, పెట్టెలు తూకం చేసి తాడుతోని చీటీ కట్టాలె, సీటు నంబరు అంటించిన బోర్డింగ్ కార్డు ఇయ్యాలె. చూసెటోళ్లకు చిన్న పనే. నాకు మాత్రం పొద్దున్నే ఇస్త్రీ చీరె కట్టుకొని ఆ చల్లటి పెద్ద హాలుల అడుగు పెడుతుంటె, ఇది నా జాగ అనిపించేది. అట్ల అనిపిచ్చిన చోటు నా బతుకుల మళ్ల ఇంకోటి లేదు.

బొంబాయి విమానంల మా దిక్కు మనుషులు మస్తుగ ఉండెటోళ్లు. బొంబాయిల దిగి అక్కడి నుంచి దుబాయి, మస్కట్ పొయ్యేటోళ్లు. కొత్త ప్యాంట్లు, నడుముకు పర్సు, చేతుల ఏజెంట్ ఇచ్చిన ప్లాస్టిక్ సంచి. కౌంటర్ కాడికి వచ్చేసరికి నోరు ఎండిపొయ్యేది వాళ్లకు. ఇంగ్లీషుల అడిగితే తల ఊపెటోళ్లు, హిందీల అడిగినా తల ఊపెటోళ్లు. నేను మెల్లగ, "ఏ ఊరన్నా మీది?" అనేదాన్ని. మొఖం ఇంత చేసుకొని, "రుద్రంగి అమ్మా", "మెట్‌పల్లి పక్కకు" అని చెప్పెటోళ్లు. ఒకాయన, "కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న, మంచిగ దిగాల్నని. నువ్వే ఎదురొస్తివి" అన్నడు.

మా సూపర్‌వైజర్‌కు ఇది నచ్చకపోయేది. "కౌంటర్ మీద ఊరి భాష వద్దు. మన కంపెనీ స్థాయి ఉంటది" అని రెండుసార్లు చెప్పిండు. గల్ఫు పోయెటోళ్లను ఆయన పేరుతోని పిలువడు, ప్రయాణికులు అనడు. "మంద వచ్చిందా?" అని అడిగేటోడు.

ఒక మధ్యాహ్నం బొంబాయి విమానానికి అందరికీ కార్డులు ఇచ్చినంక, ఒక పెద్ద లీడరు, ఎంబడి ఆయన మనుషులు వచ్చిండ్రు. వాళ్లకు టికెట్లు లేవు. విమానం ఆపిండ్రు. సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి, "ఎనుక సీట్లల్ల ఉన్న మీవోళ్లను కొంతమందిని దింపాలె. రేపటి విమానంల పంపుతం. నువ్వే చెప్పు. మీ భాష నీకు వస్తది గద" అన్నడు. అప్పటిదాక వద్దన్న భాష అప్పుడు పనికొచ్చింది.

నేను చెప్పిన. ఏం చేస్త? ఏడెనిమిది మంది సంచులు పట్టుకొని మళ్ల హాలులకు వచ్చిండ్రు. వాళ్లల్ల ఒకాయన నా నాయిన వయసున్నోడు. "రేపటితోని నా వీసా ఒడుస్తది బిడ్డా" అన్నడు. నేను సూపర్‌వైజర్‌కు ఇంగ్లీషుల చెప్పిన. ఆయన గడియారం చూసుకున్నడు. విమానం లేసిపోయింది. ఆ పెద్దమనిషి నా కౌంటర్ ముందటనే నేల మీద కూసున్నడు. "నువ్వు మా పిల్లవే గద. నువ్వు చెప్తే ఇన్నం గద" అన్నడు. తిట్టలే. తిట్టినా మంచిగుండు. ఆయన తర్వాత ఏమయ్యిండో నాకు తెల్వది.

అయినా ఆ కొలువు మీద నాకు ప్రేమ పోలే. కంపెనీ మీద కోపం వచ్చింది గని, కౌంటర్ మీద నేను ఉంటె రేపు ఇంకొకాయనకు మంచిగ చెప్పొచ్చు అనుకున్న. గంత అమాయకంగ ఉంటిని.

ఎయిర్‌పోర్టు లోపల తిరుగాల్నంటే పాసు ఉండాలె. విమానాలను ఎత్తుకపోవుడు, బాంబులు పెట్టుడు పేపర్లల్ల వస్తున్న కాలమది. లోపల పని చేసే ప్రతి మనిషి మీద వాళ్ల ఊరి పోలీసులు ఎంక్వయిరీ చేసి, ఈమె మంచిదే అని రాసి పంపాలె. అది వచ్చేదాక మాకు కొన్ని రోజులకు ఒక తాత్కాలిక పాసు ఇచ్చి, అది అయిపోంగనె మళ్ల కొత్తది ఇచ్చెటోళ్లు. నాతోని చేరిన పిల్లలందరికీ ఒక్కొక్కరికి ఫొటో ఉన్న గట్టి కార్డు వచ్చింది. మెడల ఏసుకొని ఫొటో మంచిగ పడ్డదా లేదా అని ఒకలకొకలు చూపిచ్చుకున్నరు. నాది రాలే.

నాయిన పాస్టరయ్య ఇంటి నుంచి ఫోన్ చేసిండు. "పోలీసాయన వచ్చి నిన్ను రమ్మన్నడు బిడ్డా. సర్కిల్ సారు మాట్లాడుతడట." సెలవు పెట్టి వచ్చిన.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నన్ను కూసోమన్నడు, నాయినను కూసోమనలే. నా కాగితాలు తిరిగేసి, "ఇంగ్లీషు మంచిగనే రాసినవు" అన్నడు. తర్వాత నాయిన దిక్కు తిరిగి, "నీ కొడుకు ఏడున్నడు?" అన్నడు.

"తెలువది సారూ. బొంబాయి పోతున్న అని పోయిండు."

"బొంబాయిల చెట్లు ఎక్కువున్నయా?" అని ఆయనే నవ్విండు. "అన్నల్ల కలిసినోడు ఇంటికి రాడా, అన్నం తినడా? చూడమ్మా, నీ మీద నాకేం లేదు. నీ అన్నను తీస్కొచ్చి ఇక్కడ కూసోబెట్టు. నేను అదే రోజు సంతకం పెడ్త. లేకపోతె, అడివిల అన్నున్న పిల్లను విమానాల కాడ ఎట్ల నిలబెడుతం? నువ్వే చెప్పు."

ఇంకా అన్యాయం ఏందంటే, ఆయన మాట నాకు సగం సరే అనిపిచ్చింది.

ఇంటికొచ్చి అవ్వ ముందట కూసున్న. అవ్వ ఆకు కత్తిరిస్తున్నది. "అవ్వా, ఎవ్వలతోనన్న అన్నకు కబురు పంపుండ్రి. లొంగిపొమ్మని చెప్పుండ్రి. కలెక్టర్ ముందట, పేపరోళ్ల ముందట లొంగిపోతె ఏం చెయ్యరట. నా కొలువు కోసం కాదు, ఆయన పాణం గూడ మిగులుతది" అన్న.

అవ్వ కత్తెర ఆపింది. నాయిన దిక్కు చూసింది. నాయిన లేచి తలుపు దగ్గరికి ఏసి వచ్చి, నా పక్కన కూసున్నడు.

"వాడు అడివిల లేడు బిడ్డా" అన్నడు.

అప్పుడు చెప్పిండు. కాళ్లు తగ్గినంక అన్నను మళ్ల పట్టుకపోతరని తెలిసిందట. పాస్‌పోర్టు అడిగితే ఎంక్వయిరీకి అదే పోలీసులు వస్తరు. మెట్‌పల్లిల ఒక ఏజెంటు కాడ ఇంకొకాయన పాస్‌పోర్టు ఉన్నది. ఆయన వీసా వచ్చినంక భయపడి పోనన్నడట. ఆయన ఫొటో తీసేసి అన్న ఫొటో అంటిచ్చిండ్రు. ఆ పేరు మీద, ఆ తండ్రి పేరు మీద మా అన్న బొంబాయిల విమానమెక్కి మస్కట్ పోయిండు. అక్కడ ఇండ్లు కట్టే కాడ ఇనుప చువ్వలు వంచే పని చేస్తున్నడు. ఎవ్వలన్న మనిషి వస్తుంటె నోటి మాట పంపుతడు, చీటీ రాయడు.

"మీ సర్కారు ఇమానంలనే పోయిండట" అన్నది అవ్వ. అది చెప్పేటప్పుడు ఆమె మొఖంల ఒక తీరు గర్వం ఉండె.

రేడియోల పేర్లు చదువుతుంటె అవ్వ ఎందుకు తల ఎత్తకపోయేదో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఊపిరి పట్టుకున్నన్ని రోజులు, నన్ను చూసుకుంట కూడ ఆమె చెప్పలే.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లకెల్లి ఒక్క మాట జారినా వాడు ఖతం బిడ్డా" అన్నడు నాయిన. "అక్కడ దొరికితె దొంగ పాస్‌పోర్టు కింద జైలు. ఇక్కడికి పంపితె వీళ్లు ఊకుంటరా? ఇన్నేండ్లు అడివిల ఉన్నడని రాసుకున్నరు. ఆ రాత తప్పు అని వాళ్లు ఒప్పుకుంటరా?"

నేను నాయినను అడిగిన: "మరి నా కొలువు?"

"కొలువు ఇంకోటి చూసుకుందువు" అన్నది అవ్వ. కత్తెర మళ్ల చేతికి తీసుకున్నది. ముచ్చట ఒడిసింది. నేనేమంటనో ఇనెటందుకు ఇద్దరిల ఒక్కలు గూడ నా దిక్కు చూడలే.

నేను హైదరాబాదుకు తిరిగి పోయిన. నిజం చెప్తే అన్న పోతడు. చెప్పకపోతె అన్న నక్సలైటే అవుతడు, నేను నక్సలైటు చెల్లెనే అవుత. నా పాసు ఆగిందని తెలిసి మా ఇంగ్లీషు మేడం ఊకోలే. ఆమెకు తెలిసినాయన ద్వారా జగిత్యాలల ఒక పెద్ద పోలీసు ఆఫీసర్‌ను కలిసేటట్టు చేసింది. నాయిన, నేను పోయినం. ఆ ఆఫీసర్ మర్యాద మనిషి. మాకు చాయ్ తెప్పిచ్చిండు. నాయినను గూడ కుర్చీల కూసోమన్నడు.

"నేను దారి చెప్త" అన్నడు. "పేపర్ల ఒక ప్రకటన ఇయ్యి. మా అన్న నిషేధ పార్టీల ఉన్నడు, ఆయనతోని నాకు గానీ మా ఇంటికి గానీ ఏ సంబంధం లేదు, ఆయన చేసే పనులను ఖండిస్తున్న అని. తండ్రి కూడ సంతకం పెట్టాలె. అది జత చేసి పంపితె నేను చూస్త."

బయటికొచ్చినంక బస్‌స్టాండు కాడ నాయిన బస్సు టైము అడిగి వచ్చిండు. తర్వాత, "రాయి బిడ్డా. వాడు ఎట్లనన్న వేరే పేరు మీదనే ఉన్నడు. కాగితం మీది పేరుకు దెబ్బ తాకుతదా?" అన్నడు. ఆ ఒక్క మాటకు నాయిన అంటే నాకు ఇప్పటికీ ప్రేమ.

ఇంట్ల అవ్వ ఒప్పుకోలే. "వాడు అడివిల ఉన్నడని కన్నోళ్లే పేపర్ల ఏస్తె, రేపు వాడు ఏ మొఖంతోని వస్తడు? ఏ ఊర్ల ఎవన్ని కాల్చినా ఇగో వీడే అని మా వాన్ని లెక్కల రాస్తరు. నా కొడుకును నేనే పేపర్ల సంపుకోవాల్నా?" అని ఏడ్సింది. నాయిన మీద, నా మీద, మేడం మీద, అందరి మీద అరిసింది. తెల్లారి నాయిన బస్తాలు మొయ్యవోయిండు. రాత్రి కాగితం ముచ్చట మళ్ల తియ్యలే.

అవ్వ చెప్పినదాంట్ల తప్పేం లేదు. అదే నాకు ఇంకా మంట. తప్పున్నా కొట్లాడుదును.

కంపెనీల డ్యూటీ మేనేజర్ నన్ను పిలిచి, తాత్కాలిక పాసు ఇగ ఇయ్యరని చెప్పిండు. కొన్ని రోజులు హైదరాబాదు నడుమ ఉన్న బుకింగ్ ఆఫీసుల కూసోబెట్టిండ్రు. అక్కడ ఒక గోడకు నీలి ఆకాశంల పోతున్న విమానం బొమ్మ. దాని కింద కూసొని టికెట్లు రాసిన. తర్వాత నీ మీద పోలీసు రిపోర్టు బాగలేదు, ఇక్కడ గూడ ఉంచుడు కుదరదు అన్నరు. చీరెలు, బ్యాడ్జి తిరిగిచ్చిన. నాతోనే చేరిన ఒక పిల్ల గేటు దాక వచ్చి, "మీ అన్న నిజంగనే నక్సలైటా? ఎన్నడూ చెప్పలే" అన్నది. నేను అవునన్న. అవునంటేనే మా అన్న సల్లగుంటడు. మీద చెయ్యి ఏసి నడుస్తున్న ఆ పిల్ల, చెయ్యి తీసింది.

కోరుట్లకు వచ్చి ఒక ప్రైవేటు బడిల చేరిన. ఇప్పటికీ పిల్లలకు పాఠాలే చెప్తున్న. మా వాడల కొన్నేండ్లు నన్ను ఒక తీరుగ చూసిండ్రు. పార్టీ అంటే ప్రేమున్నోళ్లు నాకు మర్యాద ఇచ్చిండ్రు, భయమున్నోళ్లు దూరం జరిగిండ్రు. రెండూ నాకు సంబంధం లేనియే.

చాన ఏండ్లకు అన్న వచ్చిండు. అప్పటికి మా దిక్కు తుపాకుల మోత తగ్గింది. నాయిన అంతకు ముందే చచ్చిపోయిండు, కొడుకును చూడకుంటనే. కాగితాలు సక్కగ లేనోళ్లందరూ శిక్ష లేకుంట దేశం ఇడిసి పోవచ్చని అక్కడి సర్కారు చెప్తే, అన్న తన అసలు పేరు చెప్పి మన ఎంబసీల కాగితం తీసుకొని వచ్చిండు. లావైండు. వెంట్రుకలు ఊడినయి. మళ్ల గొంతు పెద్దగైంది. అవ్వ ఆయన చెంపలు పట్టుకొని ఇడువలే.

అన్నం తినుకుంట అన్న ముచ్చట్లు చెప్పుడు మొదలు పెట్టిండు. విమానంల ఎట్ల చూస్తరో చెప్పిండు. "నీళ్లు అడిగితె విసుక్కుంటరు. మనల్ని చూస్తెనే వాళ్ల మొఖం మాడుతది. నువ్వు గా కొలువు ఇడిసిపెట్టి మంచి పని చేసినవు చెల్లె. అసొంటోళ్ల నడుమ నీకెందుకు? నీకు నచ్చలేదని అవ్వ చెప్పి పంపిచ్చింది. నచ్చకపోవుడే మంచిగైంది అనుకున్న."

నా చేతుల ముద్ద చేతులనే ఉన్నది. అవ్వ దిక్కు చూసిన. అవ్వ గంటె తీసుకొని అన్న పళ్లెంల పప్పు ఏసింది. ఆయన వద్దంటున్నా ఏసింది.

"నాకు నచ్చలేదని చెప్పిండ్రా?" అన్న.

"అవు. ఏం?"

"నచ్చింది. మస్తు నచ్చింది. నువ్వు అడివిల ఉన్నవని పోలీసులు రాసిండ్రు. లేడు, మస్కట్‌ల ఉన్నడని మేం చెప్పలే. గందుకు తీసేసిండ్రు."

అన్నకు అర్థమయ్యెటందుకు జెర సేపు పట్టింది. పళ్లెం ముందటికి తోసిండు. "నాకొక్క మాట చెప్తే నేను వచ్చేటోన్ని గద! అవ్వా, ఎందుకు చెప్పలే?"

"వస్తే సంపుతుండ్రి" అన్నది అవ్వ. గట్టిగనే అన్నది. తర్వాత నా దిక్కు తిరిగింది. ఇన్నేండ్లల్ల ఆ ముచ్చట గురించి నాతోని ఆమె మాట్లాడింది అదొక్కసారే. "ఇద్దర్ల ఒక్కలను ఇడువాల్నంటె నిన్నే ఇడిసిన బిడ్డా. నువ్వు ఎట్లనన్న బతుకుతవు అనుకున్న. బతికినవు."

"నన్ను అడిగితె నేనే ఇడిసిపెడుదు గద అవ్వా" అన్న. "అన్న కోసం నేనే పోయి చీరెలు ఇచ్చి వస్తును. అడుగకుంట తీస్కున్నరు."

అవ్వ చెయ్యి కడుక్కొని చేట ముందటేసుకున్నది. అన్న ఏడ్సిండు. ఆయన ఏడుపు నాకు పనికిరాలే. ఓదార్చుడు గూడ నాతోని కాలే. లేచి గిన్నెలు తీసి కడిగిన.

అన్న ఇక్కడ ఉండలేకపోయిండు. సిరిసిల్లకు పోయి చూసి వచ్చిండు. ఆయన పని చేసిన కార్ఖానకు తాళం ఉన్నదట, తెలిసినోళ్లు ఒక్కలు దొరుకలేదట. మళ్ల గల్ఫు పోత అని తన పేరు మీదనే పాస్‌పోర్టుకు పెట్టుకున్నడు. ఎంక్వయిరీకి ఒక కానిస్టేబుల్ పిలగాడు మోటరు సైకిల్ మీద వచ్చిండు. మా బడిల చదివినోడే. నన్ను చూసి లేచి నిలబడి, "నమస్తే టీచర్" అన్నడు. అవ్వ చాయ్ ఇచ్చింది. అన్నను పేరు అడిగిండు, తండ్రి పేరు అడిగిండు. "మీ మీద కేసులేమన్న ఉన్నయా అన్నా?" అని అడిగి, అన్న జవాబు చెప్పక ముందే, "ఏముంటయి, ఊకె అడుగాలె గద" అని ఆయనే లేవని రాసుకున్నడు. చాయ్ కప్పు కింద పెట్టి సంతకం పెట్టిచ్చుకొని పోయిండు.

అవ్వ రెండు చేతులెత్తి దేవునికి దండం పెట్టింది. అన్న నా మొఖం చూడలేక బయటికి పోయిండు. నాకు బడికి టైమైంది. సంచి భుజానికేసుకొని నేను గూడ పోయిన.